ఎదుటి స్టాల్ వెనక్కి జరిగింది

పక్కింటావిడ ఏమందంటే, "మీ తమ్ముడు ఏదో పెద్ద ఉద్యోగం అని చెప్పుకుంటాడు గానీ, మా ఆయన కళ్లారా చూశారు. ఎక్కడో ఎగ్జిబిషన్‌లో నిచ్చెనెక్కి గుడ్డలు కడుతున్నాడు. చదివిన చదువంతా డేరాల పాలైంది!" అందట. అంతటితో ఊరుకోకుండా, ఇంతవరకూ పెళ్లి కాకపోవడానికి కూడా అదే కారణమని తేల్చేసిందట. అక్క ఇదంతా ఫోన్‌లో తమ్ముడికి అప్పజెప్పింది, పక్కింటావిడ దీర్ఘాలతో సహా.

"నువ్వేమన్నావు?" అన్నాడు తమ్ముడు.

"నేనేమంటాను? కట్టేది గుడ్డలే అయినా మావాడు కుదురుగా కడతాడు, మా స్టాల్ కూడా వాడే వేస్తున్నాడు అన్నాను."

అతను నిటారుగా కూర్చున్నాడు. "మీ స్టాల్ నేను వేస్తున్నానా? ఎవరు చెప్పారు?"

"మీ ఆఫీసు నుంచే ఫోన్ వచ్చిందిరా. ఎవరో పెద్దాయన, ఎంత మర్యాదగా మాట్లాడాడో! మీ తమ్ముణ్ణే పంపిస్తున్నాం, నిశ్చింతగా ఉండండి అన్నాడు."

అతను ఫోన్ పెట్టేసి చొక్కా తగిలించుకుని బయల్దేరాడు. బొత్తాలు వీధిలోకి వచ్చాక పెట్టుకున్నాడు. అంత కోపం వచ్చింది.

అతను పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఉడుము అంటారు. పట్టు అలాంటిది. దేశాల రహస్యాలు రాయబారుల విందుల్లో చేతులు మారతాయని జనం అనుకుంటారు గానీ, అసలు బేరాలు జరిగేది ఎగ్జిబిషన్ హాళ్లలో. చేతిలో స్క్రూడ్రైవర్, భుజం మీద నిచ్చెన ఉన్నవాడు ఏ స్టాల్లోకి పోయినా ఎవడూ మొహం చూడడు. అందుకే స్టాల్ డిజైనర్ అన్నది అతని కవర్. ఏళ్ల తరబడి చేసేసరికి కవర్ కూడా నిజమైపోయింది. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడు.

'ఫర్నిచర్ అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు వెనక, కిటికీల్లేని గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు.

"కూర్చో."

"నిలబడే వింటాను. మా అక్క స్టాల్ జోలికి ఎందుకు పోయారు?"

"పోయింది మేము కాదు. తుప్పు."

తుప్పు అన్నది ఒక విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. పైకి అది పెద్ద వాల్వుల కంపెనీ. తమకంటే మంచి సరుకు తయారుచేసే చిన్న కంపెనీని బతకనివ్వకపోవడం దాని అసలు వ్యాపారం. నాయకుడు మండుటెండలో కూడా చేతులకున్న తోలు గ్లోవ్స్ తియ్యడు కాబట్టి వాణ్ణి చేతొడుగుల దొర అంటారు.

అక్కా బావా కలిసి ఒక వాల్వ్ తయారుచేశారు. గ్యాస్ పైపులో ఒత్తిడి హద్దు దాటితే ఎవరూ ముట్టుకోకుండా దానంతటదే దబ్బున మూసుకుంటుంది. ఒక వీధి, ఒక్కోసారి ఒక ఊరే బతికిపోతుంది. కొన్ని దేశాలు కలిసి తమ గ్యాస్ లైన్లకు ఏ వాల్వ్ కొనాలో ఈ ఎగ్జిబిషన్‌లో తేల్చబోతున్నాయి. పోటీ ఇద్దరి మధ్యే. ఒకటి అక్కవాళ్ల వాల్వ్, రెండోది తుప్పు వాళ్లది. తుప్పు వాళ్ల వాల్వ్ మూసుకోవలసినప్పుడు మూసుకోదని చీఫ్‌కి తెలుసు. చూపించడానికి సాక్ష్యం లేదు.

"శాంపిల్ కాజెయ్యడానికి వస్తారు," అన్నాడు చీఫ్. "దొరతో సహా పట్టుకోవాలి. నువ్వు కట్టే స్టాల్ ఎలకలబోను కావాలి. మూడు పక్కలా గోడలు, ఒకటే దారి."

"దాన్ని స్టాల్ అనరు, బావి అంటారు. గిరాకీ రాని చోటికి దొంగ మాత్రం ఎందుకొస్తాడు? సందడి ఉంటేనే వాడికి ధైర్యం. బోను కావాలంటే ముందు మంచి స్టాల్ కట్టాలి. నిజంగా మంచిది."

"కట్టు. కానీ నువ్వెవరో మీవాళ్లకి తెలియకూడదు."

"మా అక్క ప్రాణానికేం భయం లేదు కదా?"

చీఫ్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. "భయమల్లా శాంపిల్‌కే."

ఎక్విప్‌మెంట్ సెక్షన్ వాళ్లు ఒక పెట్టె ఇచ్చారు. స్పాట్‌లైట్‌లో దాగిన కెమెరా, మెడలో వేసుకునే బ్యాడ్జి తాడులో మైకు, చెవిలో పప్పుబద్దంత రిసీవర్. కోడ్ మాటలు రెండు. 'కార్పెట్ తడిసింది' అంటే శత్రువు కంటబడ్డాడని. 'లైటు పోయింది' అంటే ప్రాణం మీదికి వచ్చింది, తక్షణం స్టాల్ ఖాళీ చేయించాలని. రెండో మాట వినపడితే చీఫ్‌తో సహా ఎవరూ మారు మాట్లాడకూడదు. అది డిపార్ట్‌మెంట్ పుట్టినప్పటి నుంచి ఉన్న రూలు.

స్టాళ్లు కట్టే రోజున హాలంతా సంతకి ముందు రోజు మైదానంలా ఉంది. సిమెంటు నేల మీద సుద్ద గీతలు, ప్లైవుడ్ పొట్టు, జిగురు కంపు, అడుగడుక్కీ కుయ్యిమంటూ వెనక్కి వచ్చే ఫోర్క్‌లిఫ్ట్. అక్కవాళ్లది రెండు నడవలు కలిసే మూల. అతను పట్టుబట్టి ఆ మూల సంపాదించాడు. రెండు వైపులా గోడ అన్నది లేకుండా తెరిచేశాడు. సరిగ్గా మూలలో, ఏ వైపు నుంచి వచ్చేవాడికైనా కళ్లబడేలా డెమో బల్ల. దాని మీద వాల్వ్, వాల్వ్‌కి బిగించిన పల్చటి గాజు బుడ్డి. అక్క మీట తిప్పుతుంది, గాలి ఒత్తిడి పెరుగుతుంది, వాల్వ్ మూసుకుంటుంది, గాజు బుడ్డి పగలదు. ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. వెనక అల్యూమినియం ఫ్రేముకి బిగించిన పెద్ద గుడ్డ గోడ. దాని మీద ఒకటే వాక్యం: 'మూసుకోవలసినప్పుడు మూసుకుంటుంది.' గోడ వెనక చిన్న సామాన్ల గది.

మధ్యాహ్నం బావ దిగాడు. వెనకే ఒక పొడవాటి టేబుల్, నాలుగు కుర్చీలు, కట్టలు కట్టిన కేటలాగులు దిగాయి.

"ఈ టేబుల్ దేనికి బావా?"

"దేనికేమిటి? ముందు అడ్డంగా వేస్తాం. నేనిటు కూర్చుంటాను, వచ్చినవాడు అటు కూర్చుంటాడు. మర్యాద అన్నది ఉండొద్దూ?"

"ముందు వాడు రావాలిగా! దారికడ్డంగా టేబుల్ వేసుకుని వెనక కూర్చుంటే అప్పు వసూలుకి వచ్చినవాళ్లలా ఉంటారు. చూసినవాడు అవతలి పక్క నుంచి తప్పుకుపోతాడు."

"మరి మనం చేసే మిగతా రకాలు? అవన్నీ గోడకి తగిలించొద్దూ?"

"అన్నీ చూపిస్తే ఏదీ కనపడదు బావా. నడిచేవాడు రెండడుగులు వేసేలోపు ఒక్క ముక్క వాడి బుర్రలో పడాలి. కుర్చీలు అసలే వద్దు. కూర్చున్నవాణ్ణి చూస్తే, పాపం అలిసిపోయాడని జాలిపడతారు గానీ సరుకు కొనరు."

బావ మొహం ఎర్రబడింది. "నేను ఇనుములో పుట్టి ఇనుములో పెరిగినవాణ్ణి. గుడ్డలు కట్టుకునేవాడివి, నువ్వు నాకు వ్యాపారం నేర్పుతావా?"

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. ఉడుము టేబుల్ ఒక కొస పట్టుకుని నడవలోకి ఈడ్చాడు. బావ రెండో కొస పట్టుకుని లోపలికి ఈడ్చాడు. చుట్టుపక్కల సుత్తులన్నీ ఆగిపోయాయి. అందరూ చేస్తున్న పని వదిలేసి వాళ్లనే చూస్తున్నారు.

"మీ మొండితనం వల్లే మీ సరుకు ఊరు దాటలేదు!"

"నీ పొగరు వల్లే నువ్వు నిచ్చెన దిగలేదు!"

సరిగ్గా అప్పుడే నిర్వాహకుల టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు బావ పక్కకి వచ్చాడు. "సేఫ్టీ చెక్ అండీ, డెమో పీస్ ఒకసారి ఇస్తారా?" అని వినయంగా అడిగాడు. బావ తిట్టు ఆపకుండానే వాల్వ్ విప్పి వాడి చేతిలో పెట్టాడు. కాసేపటికి వాడు దానికి ఆకుపచ్చ స్టిక్కర్ అతికించి తెచ్చిచ్చాడు. బావ తిట్టు ఆపకుండానే అందుకున్నాడు. కెమెరా దాచిన స్పాట్‌లైట్‌కి ఇంకా కరెంటు ఇవ్వలేదు. ఇక ఉడుము కళ్లున్నాయా అంటే, అవి టేబుల్ మీదే ఉన్నాయి.

చివరికి అక్క వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "చాలించండి! టేబుల్ వెనక గదిలోకి పోతుంది. ఒరేయ్, నువ్వు బావకి సారీ చెప్పు. ఏమండీ, మీరు వెళ్లి మొహం కడుక్కు రండి. ఊరంతా మననే చూస్తోంది."

వాళ్ల స్టాల్‌కి ఎదురుగా తుప్పు వాళ్ల స్టాల్ లేచింది. గోడంత తెరలు, గాజు అల్మరాలు, కాలు పెడితే దిగబడే కార్పెట్. సాయంత్రం అందులోంచి బంగారు రంగు కోటు వేసుకున్న ఒకామె నడవ దాటి వచ్చింది. నడుస్తుంటే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ బండి ఆపి చూశాడు. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు మిణుగురు. తుప్పు దగ్గర జీతం తీసుకుంటుంది, డిపార్ట్‌మెంట్ దగ్గరా తీసుకుంటుంది.

"మీ గుడ్డ ఎవరు ప్రింట్ చేశారు? రంగు బాగా తేలింది," అంది పైకి. గొంతు తగ్గించి, "దొర రేపు డెమోకి తనే వస్తున్నాడు. మిగతాదంతా మీ పెద్దాయనకి చెప్పాను," అంది.

"మిగతాదంటే?"

ఆమె కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. "ఆయన నీకు చెప్పలేదా?"

ఎదుటి స్టాల్లోంచి ఎవరో పిలిచారు. ఆమె నవ్వు మొహం పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

అతను బ్యాడ్జి తాడు నోటి దగ్గరికి లాక్కున్నాడు. "మిగతాది ఏమిటి?"

చెవిలో చీఫ్ గొంతు చల్లగా వినిపించింది. "నీకు కావలసింది నీకు చెప్పాం."

"నాకు కావలసింది ఏమిటో మీరెలా తేలుస్తారు?"

లైన్ కట్ అయింది.

మర్నాడు ఉదయం గేట్లు తెరిచారు. డెమో వేళకి అక్క స్టాల్ చుట్టూ జనం బెల్లం చుట్టూ ఈగల్లా మూగారు. కొనుగోలు బృందాలవాళ్లు మెడల్లో బ్యాడ్జీలతో ముందు వరసలో ఉన్నారు. టేబుల్ లేకపోవడం వల్ల అందరూ డెమో బల్ల దాకా వచ్చేశారు. బావ అయితే కూర్చోవాలన్న సంగతే మర్చిపోయి, వచ్చినవాడి మోచెయ్యి పట్టుకుని మరీ వాల్వ్ గురించి చెబుతున్నాడు. నడవ అవతల ఉడుము నెరిసిన విగ్గు, లావు కళ్లద్దాలు పెట్టుకుని విదేశీ కొనుగోలుదారు వేషంలో తిరుగుతున్నాడు. దొంగ అక్కణ్ణుంచే వస్తాడని అతని లెక్క.

"అందరూ ఒకసారి ఇటు చూడండి," అంది అక్క. చెయ్యి మీట మీద వేసింది.

అప్పుడు అతను వెనక్కి తిరిగి తుప్పు వాళ్ల స్టాల్ చూశాడు.

వాళ్లు ముందు వరస ఖాళీ చేస్తున్నారు. ఇద్దరు మనుషులు ముందున్న గాజు అల్మరాని చప్పుడు కాకుండా లోపలికి జరుపుతున్నారు. మిణుగురు, "లోపల టీ ఉంది, రండి రండి" అంటూ గిరాకీని వెనక గోడ దాకా తోలుకుపోతోంది. చేతొడుగుల దొర అందరికంటే వెనక, ఒక స్తంభం చాటున నిలబడి ఉన్నాడు.

ఉడుము జన్మలో ఎన్నో స్టాళ్లు కట్టాడు. హాలు కిటకిటలాడే వేళ, చేతికందిన గిరాకీని, లక్షలు పోసి కొన్న ముందు వరసని వదిలేసి వెనక్కి పోయే వ్యాపారి భూమ్మీద ఉండడు. ఉన్నాడంటే, ఆ ముందు వరసలోకి ఏదో వచ్చి పడబోతోందని వాడికి తెలుసు.

జనం భుజాల మీదుగా వాల్వ్ చూశాడు. దాని నడుము మీద ఆకుపచ్చ స్టిక్కర్. చుట్టూ స్టాళ్లు చూశాడు. ఒక్క మిషన్ మీద, ఒక్క పంపు మీద, ఎక్కడా అలాంటి స్టిక్కర్ లేదు.

దొంగతనం నిన్ననే అయిపోయింది. తను టేబుల్ ఈడుస్తున్నప్పుడు.

"లైటు పోయింది!" అన్నాడు మైకులో. "వాల్వ్ మార్చేశారు. లోపల పేలుడు మందు ఉంది. స్టాల్ ఖాళీ చేయించండి. లైటు పోయింది!"

"కాస్త ఆగు," అన్నాడు చీఫ్.

"ఏమిటీ?"

"దొర ఇంకా హాల్లోనే ఉన్నాడు. మీట తిరగనీ. చేతికి సాక్ష్యం దొరకాలి."

మిగతాది ఏమిటో ఉడుముకి అప్పుడు తెలిసింది. అతని నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాసేది కాదు. చెవిలో రిసీవర్ పీకి నేలకేసి కొట్టి పరుగెత్తాడు.

కానీ ఎటు పోతాడు? తను కట్టిన స్టాల్, తను పోగేసిన జనం. ఎంత బాగా కట్టాడంటే లోపలికి సూది దూరే సందు లేదు. "అక్కా! ఆపు!" అని అరిచాడు. హాలు హోరులో కలిసిపోయింది. మీట తిరిగింది. ఒత్తిడి చూపే గేజీలో ముల్లు పైకి లేచింది.

అతను స్టాల్ చుట్టూ తిరిగి వెనక సందులోంచి సామాన్ల గదిలోకి దూకాడు. బావ టేబుల్ మోకాలికి తగిలింది. దాని మీదికే ఎక్కి, జేబులో కార్పెట్ కోసే కత్తి తీసి తను బిగించిన గుడ్డ గోడని పై నుంచి కింది దాకా చీల్చేశాడు. 'మూసుకోవలసినప్పుడు' అన్న చోట గోడ పగిలి, నెరిసిన విగ్గు, లావు కళ్లద్దాలు, చేతిలో కత్తి ఉన్న ఒక ముసలాడు అక్క మీదికి ఊడిపడ్డాడు.

ముందు వరసంతా కెవ్వుమంది. అక్క మాత్రం కేక వెయ్యలేదు. చిన్నప్పటి నుంచీ ఆవిడ తీరు అంతే. చెయ్యి మీట వదిలి, ఈడ్చి ముసలాడి చెంప మీద కొట్టింది. విగ్గు ఎగిరి బావ కాళ్ల దగ్గర పడింది.

"ఒరేయ్, నువ్వా!"

ఆ చెయ్యి మీట వదలడమే చాలింది. ఉడుము గాలి గొట్టాన్ని రెండు చేతులా పట్టి గుంజాడు. గొట్టం ఊడి, తోక తొక్కిన పాములా బుసకొడుతూ బల్ల మీదున్న కాగితాలన్నీ ఎగరగొట్టింది. గేజీలో ముల్లు ఎర్రగీత అంచు దాకా వెళ్లి, వణికి, కిందికి జారిపోయింది.

"నా పరువు తీశావు కదరా!" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో. "దేశదేశాలవాళ్ల ముందు..."

"తర్వాత తిట్టండి బావా. పక్కకి జరగండి."

అతను వాల్వ్‌ని మెల్లగా విప్పి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. జనం దారి ఇచ్చారు. నడవ దాటి తుప్పు వాళ్ల మెత్తటి కార్పెట్ మీద నడిచి, నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లాడు. కొనుగోలు బృందాలన్నీ వెనకే వచ్చాయి. ఎదురుగా తగువు జరుగుతుంటే చూడకుండా ఎవరుంటారు?

"మీ సరుకే," అన్నాడు దొరతో. "మా గొట్టానికి సరిపడలేదు. మీ డెమో మిషన్‌కి బిగించి చూపిస్తారా? మీట మీరే తిప్పండి. నేను పక్కనే నిలబడతాను."

దొర నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఉడుము వాల్వ్‌ని ఒక అడుగు ముందుకి చాచాడు. దొర ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమండీ, వాల్వే కదా! బుసకొట్టే నాగుపామా?"

మరో అడుగు. దొర వీపు గోడకి ఆనింది. చెమట పట్టిన గ్లోవ్స్ వాల్వ్‌ని నెట్టేయబోయి, ముట్టుకోలేక గాలిలో ఆగిపోయాయి. ఆ చేతుల్ని కొనుగోలు బృందాలన్నీ చూశాయి. అంతకు మించిన సాక్ష్యం ఏ కెమెరాకీ అక్కర్లేదు. దొర ఒక్క గెంతున తప్పుకుని తలుపు వైపు పరుగెత్తాడు. మిణుగురు ఎందుకో కాలు కాస్త ముందుకి చాపింది. దొర తన కార్పెట్ మీద తనే బోర్లా పడ్డాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి లేవదీశారు. అక్కవాళ్ల అసలు వాల్వ్ తుప్పు వాళ్ల వెనక గదిలో, టీ కప్పుల పెట్టెలో దొరికింది.

"నన్ను అలా చూడకు," అంది మిణుగురు ఉడుముతో. "నేను నిన్ననే చెప్పాను మీ పెద్దాయనకి. పేలుడు మందు అని కూడా చెప్పాను. మంచిది అన్నాడు. అంతే. రెండు చోట్ల జీతం తింటున్నా గానీ, ఒక్కచోట కూడా అబద్ధం ఆడలేదు."

పేలుడు మందు తీసేవాళ్లు వచ్చి వాల్వ్‌ని ఇసక పెట్టెలో పట్టుకుపోయాక, చీఫ్ అక్క స్టాల్ వెనక గదిలోకి వచ్చాడు. చిరిగిన గుడ్డ గోడ వేలాడుతోంది. బావ కుర్చీలో కూలబడి ఉన్నాడు. తన చేత్తో వాల్వ్ తీసి దొంగకి ఇచ్చిన సంగతి ఇప్పుడిప్పుడే అతని తలకెక్కుతోంది. అక్క టేబుల్ మీద అసలు వాల్వ్ పెట్టుకుని, స్పానర్‌తో ఒక్కో బోల్టూ చూసుకుంటోంది.

"కంగ్రాచ్యులేషన్స్," అన్నాడు చీఫ్.

ఉడుము మెడలో తాడు తెంపి టేబుల్ మీద పడేశాడు. "నిన్ననే తెలుసు మీకు."

"ముందే ఆపితే వాల్వ్ దొరికేది. దొర దొరికేవాడు కాదు. అన్నీ ఆలోచించాం. అది చాలా చిన్న పేలుడు."

"చిన్నదా! అంత చిన్నదైతే మీరొచ్చి మీట దగ్గర నిలబడకపోయారా? లైటు పోయింది అన్నాను. విన్నారు. విని, ఆగు అన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు!"

"నీది ఆవేశం. అందుకే నీకు చెప్పలేదు."

"చెప్పకపోవడానికి అది మా అక్క! నేను నిచ్చెనెక్కి, నా చేతులతో ఆ బల్ల అక్కడ బిగించాను. మా అక్కని తెచ్చి నేనే నిలబెట్టాను అక్కడ!"

బావ తల ఎత్తాడు. "అంటే... వీడు గుడ్డలు కట్టేవాడు కాదా?" అన్నాడు మెల్లగా.

చీఫ్ ఇక తమ్ముడితో లాభం లేదనుకుని అక్క వైపు తిరిగాడు. ఫోన్‌లో వినిపించిన ఆ మర్యాద గొంతు మళ్లీ వచ్చింది.

"అమ్మా, మీరు పెద్ద మనసున్నవారు. మీరైనా అర్థం చేసుకోండి. ఇలాంటి పెద్ద పనుల్లో ఎవరో ఒకరు ముందు నిలబడక తప్పదు."

అక్క ఆఖరి బోల్టు బిగించి, స్పానర్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"తప్పదంటారా? అయితే రేపు మీ ఆవిణ్ణి తీసుకురండి. మీట ఆవిడ తిప్పుతుంది. మనిద్దరం ఎదుటి స్టాల్లో వెనగ్గా నిలబడి టీ తాగుదాం."